చూచుట యనెడి చదువు

చెన్నపట్టణమున ఎగ్మూరులో పాంథియన్ రోడ్డు మీదనున్న ప్రభుత్వ మ్యూజియమునకు ఆ ఊరి సామాన్యజనులు తరతరములుగా వాడుచు వచ్చిన పేరొకటి కలదు. అది ‘సెత్త కాలేజి’, అనగా చచ్చిన కాలేజి. మ్యూజియము మొదట కాలేజి రోడ్డులోని పాత కాలేజి భవనమున వెలసినందున దానికి కాలేజి యను పేరంటుకొన్నది. పిమ్మట మృగములను పక్షులను పెంచి చూపెడి జంతుశాల యొకటి దానికి తోబుట్టువుగా ఏర్పడుటచే, ప్రాణముతో మెలగు వానిని చూపు చోటు ‘ఉయిర్ కాలేజి’ యనియు, ఎండిన తోళ్లను ఎముకలను రాళ్లను చూపు చోటు ‘సెత్త కాలేజి’ యనియు జనుల నోట స్థిరపడినవి. అక్షరజ్ఞానము లేనివారు సైతము పలికిన పేర్లే యైనను, వీనిలో పండితులు గమనింపదగిన విశేషమొకటి యున్నది: ఆ జనులు దానిని వినోదశాల యనలేదు, వింతల కొట్టు అనలేదు, కాలేజి యనిరి. చదువురాని వారు దానిని చదువుల చోటుగా గుర్తించిరి. చదువుకొన్న మనము అందలి ‘సెత్త’ యన్న మాటను మాత్రము మనసున నిలుపుకొని, కాలేజి యన్న మాటను మరచిపోయినాము.

గడచిన సంక్రాంతి సెలవులలో, తొమ్మిదేండ్ల మనుమని వెంటబెట్టుకొని, పూటకు రెండు మూడు వస్తువులకు మించి చూడరాదన్న నియమముతో, ఆ మ్యూజియమున రెండు దినములు గడపి వచ్చితిని. అందు నాకు దృఢపడిన అభిప్రాయమును పాఠకుల ముందుంచుటయే యీ వ్యాసమున నా ఉద్దేశము. చూచుట యనునది అభ్యాసము వలన మాత్రమే పట్టుబడు విద్య. ఆ విద్యను నేర్పుటకు, ప్రకృతివస్తువులును మానవుని చేతిపనులును ఒకే ప్రాంగణమున కొలువున్న యీ పాతకాలపు మ్యూజియములను మించిన బడి లేదు. ఆ విద్యను మన పిల్లలకు నేర్పనంతకాలము మన పూర్వుల శిల్పములు ఏ దేశమున ఏ గదిలో నున్నను అవి మనకు దక్కినట్లు కాదు.

1814లో కలకత్తాలో వెలసిన ఇండియన్ మ్యూజియము తరువాత మన దేశమున ప్రాచీనతలో రెండవదిగా పేర్కొనబడు సంస్థ యిది. 1851లో మద్రాసు లిటరరీ సొసైటీ వారి యొద్దనుండి వచ్చిన పదునొకండు వందల శిలాఖనిజముల నమూనాలతో ఇది ప్రారంభమైనది. దానికి మొదటి అధికారియైన ఎడ్వర్డ్ గ్రీన్ బాల్ఫర్ వృత్తిచే వైద్యుడు. చెట్లు వానలకు దోహదమై నేలలోని తేమను ఎట్లు నిలుపునో వివరించు రచనను 1849 నాటికే ప్రకటించినవాడు. భారతదేశమునకు సంబంధించిన సర్వవిషయములను అకారాదిగా కూర్చి విజ్ఞానసర్వస్వము వెలువరించినవాడు. అట్టివాని దృష్టిలో రాయి వేరు, చెట్టు వేరు, విగ్రహము వేరు అను గోడలు లేకుండుట సహజము. ఒకప్పుడు దొరల విందులకును నాట్యములకును నెలవైన పాంథియన్ భవనమునకు 1854లో మ్యూజియము తరలివచ్చినది. ఆ మరుసటి ఏడు బాల్ఫర్ అచ్చటనే జంతుశాలను నెలకొల్పినాడు. అతని తరువాత చాలకాలము దీనిని నడిపిన జార్జి బీడీయు, ఎడ్గార్ థర్స్టనును గూడ వైద్యవిద్య నభ్యసించినవారే. నాడి పట్టి చూచుట నేర్చినవారి చేతులలో పెరిగిన సంస్థ గనుకనే కాబోలు, ఇందలి ప్రతి వస్తువును నిలకడగా చూడుమని మనల నడుగుచున్నట్లు తోచును.

ఇట్టి సర్వసంగ్రహమైన మ్యూజియములకు కాలము చెల్లినదనియు, శిల్పములకొక భవనము, జంతువులకొక భవనము, నాణెములకొక భవనము వేర్వేరు చోట్ల నుండుటయే శాస్త్రీయమనియు వాదించువారు కలరు. పరిశోధకునకు ఆ యేర్పాటు అనుకూలమే కావచ్చును. కాని తొమ్మిదేండ్ల పిల్లవానికిని, పల్లెనుండి వచ్చిన రైతుకుటుంబమునకును ఏది అనుకూలమో నేను కన్నులార చూచితిని.

జంతువిభాగమున పడమటి సముద్రతీరమునుండి వచ్చిన తిమింగలపు అస్థిపంజరమొకటి కలదు; దాని పొడవు అరువది అడుగులు. దానిని చూచినవాడు మొదట పొడవునకు ఆశ్చర్యపడును, రెండు నిమిషములకు ఆ ఆశ్చర్యము తీరును, మూడవ నిమిషమున తరువాతి గదికి పోవును. మా నియమము ప్రకారము మేమచ్చట అరగంట నిలిచితిమి. మొదటి పావుగంటలో మనుమడు వెన్నుపూసలను లెక్కపెట్టుచు నడుమ తప్పి, మరల మొదటినుండి లెక్కించెను. పిమ్మట ప్రక్కరెక్క యొద్ద ఆగి, చాలసేపు మాటలాడక నిలిచి, నా చేయి పట్టి లాగి, “తాతా, చేపకు వేళ్లుంటాయా?” అనెను. నేనును వంగి చూచితిని. రెక్కయై యుండవలసిన చోట, మోచేతికి దిగువ, మన అరచేతి యెముకల వరుసయే, వ్రేళ్ల కణుపులే, ఒకదాని కొనకొకటి అమర్చియున్నవి. “ఇది చేప కాదురా, గాలి పీల్చి, పిల్లలకు పాలిచ్చే జంతువు, దీని పూర్వులు ఏనాడో నేలమీద కాళ్లతో నడిచినవి” అని చెప్పితిని. వాడు తన చేతిని రెక్కకు ఎదురుగా చాచి, వ్రేళ్లను ముడిచి తెరచి చూచుకొనెను. పరిణామవాదమును గూర్చి పుస్తకములలో నేను చదివిన అధ్యాయములన్నియు కలిసి నాకు చేయని ఉపకారమును ఆ యెముకల వరుస వానికి ఒక్క క్షణమున చేసినది.

ఆ చేతిని వాడు మరచిపోకముందే, అదే ప్రాంగణమున మరియొక చేతిని వానికి చూపగలిగితిని. 1863లో పల్లావరము వద్ద రాబర్ట్ బ్రూస్ ఫూట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు రాతిగొడ్డలి యొకదానిని గుర్తించి, ఈ దేశమున ఆదిమానవుని ఉనికికి సాక్ష్యము దొరకినదని లోకమునకు చాటినాడు. నలుబది సంవత్సరములు దక్షిణదేశమెల్ల తిరిగి అతడు కూడబెట్టిన ప్రాచీనశిలాయుధముల రాశిని 1904లో ఈ మ్యూజియము సంపాదించినది. మన కర్నూలు సీమలోని బిల్లసర్గం గుహలను త్రవ్వి, అంతరించిన జంతువుల యెముకలను వెలికి తీసినవాడును ఈ ఫూట్ మహాశయుడే. అద్దముల వెనుకనున్న చేతిగొడ్డలిని ప్రక్కనుండి చూచినయెడల, రెండు వైపుల నుండి చిన్న చిన్న పెచ్చులు లేపి అంచు తీర్చిన దెబ్బలు ఒకటొకటిగా కనబడును. ఏ దెబ్బ ముందు తగిలినదో, ఏది తరువాత తగిలి మొదటిదాని గుర్తును కొంత చెరపినదో కనిపెట్టవచ్చును. ఆ రాయిని చేత పట్టినవాని పేరు లేదు, భాష లేదు, కాని వాని ఆలోచన దెబ్బ వెంబడి దెబ్బగా మన కంటికి దొరకుచున్నది. ఈదుటకు మారిన చేయి ఒక గదిలోను, చెక్కుటకు మారిన చేయి వేరొక గదిలోను ఉండగా, నడుమ నడచి పోవుటకు అయిదు నిమిషములు పట్టినది. ఆ రెండును రెండు నగరములలో నుండినచో ఏ పిల్లవాడు వానిని జతపరచుకొనగలడు?

ఇక తెలుగువాడు తప్పక పోయి నిలువవలసిన చోటు అమరావతి శిల్పముల మందిరము. ఆ రాళ్ల కథ మన అజాగ్రత్తకును పరుల ఆసక్తికిని కూడ సాక్ష్యము. పద్దెనిమిదవ శతాబ్దము చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతి పట్టణమును కట్టించు దినములలో, దీపాలదిన్నె యని ఊరివారు పిలిచిన మట్టిగుట్టను కట్టడపు రాళ్లకై త్రవ్వగా, చిత్రమైన చెక్కడపు పలకలు బయటపడినవి. వార్త విని కల్నల్ మెకంజీ వచ్చి చూచినాడు. 1816లో మరల వచ్చి పలకలకు బొమ్మలు గీయించినాడు. ఆ మెకంజీకి కుడిభుజములై దేశమెల్ల తిరిగి శాసనములను, కైఫీయతులను సేకరించి పెట్టినవారు ఏలూరివారైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులని స్మరించుట మన విధి. 1845లో వాల్టర్ ఇలియట్ కొన్ని పలకలను త్రవ్వించి మదరాసునకు చేర్చగా, వందకు పైగా రాళ్లు 1859లో ఓడనెక్కి లండను చేరినవి. అవి నేడు బ్రిటిష్ మ్యూజియములో నున్నవి. తరువాత రాబర్ట్ సూయెల్, జేమ్స్ బర్జెస్ మున్నగువారు త్రవ్వించిన వానిలో పెద్దభాగము ఈ ఎగ్మూరు చేరినది. ఆ పలకలు అలంకరించిన బౌద్ధ మహాచైత్యము నిలిచిన చోట నేడు మిగిలినది ఇటుకల దిన్నె.

చెన్నపట్టణము చేరినంత మాత్రమున ఆ రాళ్ల కష్టములు తీరలేదు. ప్రదర్శన కొరకు పలకలను గోడలలో సిమెంటుతో బిగించిరి. గోడలోని చెమ్మ రాతిలోనికి ప్రాకి, దానివెంట ఉప్పు చేరి, పల్నాటి సున్నపురాయి పొరలు పొరలుగా రాలసాగినది. మేలు చేయగోరియే చేసిన పని అది. వస్తువును ప్రేమించుట వేరు, దాని స్వభావమును తెలిసికొని ప్రేమించుట వేరు అను పాఠమును అది మనకు మిగిల్చినది.

ఈ మందిరమున నేను చిరకాలముగా ప్రేమించునది నలగిరి యను మదగజమును బుద్ధుడు శాంతింపజేసిన కథ చెక్కిన వలయశిల్పము. రాజగృహపు వీథిలోనికి దేవదత్తుడు ఏనుగును విడిపించిన కథ పెక్కురకు తెలిసినదే. వలయమునకు ఎడమప్రక్క ఆ యేనుగు విజృంభించి, తొండముతో ఒకని పట్టి విసరుచున్నది; జనులు చెల్లాచెదరగుచున్నారు; మేడల గవాక్షములనుండి భీతితో వంగి చూచువారున్నారు; స్త్రీలు తత్తరపడి ప్రక్కవారిని పట్టుకొనుచున్నారు. కుడిప్రక్క బుద్ధుని పాదముల యొద్ద అదే యేనుగు మోకాళ్లూని వ్రాలియున్నది. రెండింటికిని నడుమ గీత లేదు, తెర లేదు. మనుమడు చూచి, “రెండేనుగులున్నాయి తాతా” అనెను. “ఒకటే” నంటిని. వాడు నమ్మక, ఎడమనుండి కుడికి, కుడినుండి ఎడమకు మూడు మారులు కన్నులు త్రిప్పి, “అయితే మధ్యలో ఏమయింది?” అని యడిగెను.

ఆ ప్రశ్నయే శిల్పి మనచేత అడిగింపదలచినది. పదునెనిమిది వందల యేండ్లకు పూర్వము కృష్ణాతీరమున ఉలి పట్టిన ఆ మహానుభావుడు అతి కష్టమైన దానిని, అనగా మనసు మారిన ఘడియను, చెక్కక వదలి, దానికి ముందున్న భయమును వెనుకనున్న శాంతిని మాత్రము చెక్కి, నడిమి దానిని చూచువాని హృదయమునకు అప్పగించినాడు. మన పని మనము చేయనియెడల ఆ శిల్పము సగమే యగును. నేనీ వలయమును మొదట చూచినది ఇరువదియేండ్ల ప్రాయమున. నాడు శతాబ్దమును, రాజవంశమును కాగితముపై వ్రాసికొని, అయిదు నిమిషములలో కదలిపోతిని. పిల్లవాని ప్రశ్న వినిన తరువాతగాని, నేను నాడు దానిని చూడలేదని నాకు తెలియలేదు.

ఇదే ప్రాంగణమున భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండర్ రే కనుగొన్న ధాతుకరండములును కలవు. ఆ రాతిపెట్టెల అంచుల మీది బ్రాహ్మీ అక్షరములు మన లిపిచరిత్రను తలపోయువానికి తీర్థము వంటివి. కాంస్యమందిరమున తిరువాలంగాడు నటరాజమూర్తి కొలువైయున్నది. దాని ఛాయాచిత్రములను మాత్రమే చూచి ఫ్రెంచి శిల్పి రోదా వ్రాసిన వ్యాసము 1921లో అచ్చయినది. ఛాయాచిత్రములు చూచినవాడే అంతగా కరగిపోగా, రైలెక్కి ఒక్క రాత్రిలో పోయి మూలమూర్తి యెదుట నిలువగల మనకు తీరిక లేకపోవుట విచారకరము. ఆ కంచుమూర్తులకును రోగములు వచ్చును. మట్టిలోని లవణము లోహమున చేరి, పచ్చని పొడియై మచ్చలు మచ్చలుగా వ్యాపించి, మూర్తిని లోలోపల తినివేయును. దానిని మాన్పుటకై 1930 ప్రాంతమున ఇచ్చట రసాయనశాల నొకదానిని నెలకొల్పి, విద్యుత్ప్రవాహము ద్వారా ఆ లవణమును లాగివేయు చికిత్స సాగించిరి. తెర వెనుక ఈ వైద్యము జరుగుచుండుట చేతనే తెర ముందు మనకు దర్శనము దొరకుచున్నది. మ్యూజియములకు ధనమిచ్చునప్పుడు ప్రభుత్వములు ముందుగా తలచవలసినది నూతన ద్వారములను దీపాలంకారములను గాక, ఈ కనబడని వైద్యులనే.

మేమున్న రెండవ దినమున పాఠశాలవారి బృందమొకటి వచ్చినది. నూరుమంది పిల్లలు, ఒకరి భుజముపై నొకరు చేయి వేసి వరుసగా నడచుచున్నారు, వెనుకబడిన వానిని ఉపాధ్యాయుడు “కదలండి, కదలండి, బస్సు టైమవుతోంది” అని తొందరపెట్టుచున్నాడు. నలగిరి వలయము ముందు ఒక బాలిక ఆగినది. ఆమె కన్నులు గవాక్షమునుండి చూచుచున్న రాతిస్త్రీ మీద నిలిచినవి. అంతలో వెనుకనుండి త్రోపు వచ్చినది, వరుస సాగిపోయినది. ఆ యుపాధ్యాయుని నేను తప్పుపట్టను. నూరుమందిని ఒకపూటలో చూపి తిప్పికొని రమ్మన్న యేర్పాటుదే తప్పు. ఆ బాలికకు మనమిచ్చినది ఎన్ని క్షణములు? మన హైదరాబాదున సాలార్‌జంగు మ్యూజియములో గడియారపు గంట కొట్టు బొమ్మకై గుమిగూడిన జనము గంట కొట్టగానే చెదరిపోవుటను చూచినవారికి, ఈ రోగము ఒక్క చెన్నపట్టణమునకే పరిమితము గాదని విశదమగును.

దీనికి మందు ఖరీదైనది కాదు. పిల్లలను నూరుమందిగా గాక పదిమందిగా తీసికొనిపోవుడు. ఒక సారికి మూడు వస్తువులు చాలును: ప్రకృతిలోనిదొకటి, చేతిపని యొకటి, వారికి నచ్చినదొకటి. ప్రతివానిచేతను ఒక్కొక్కదానికి బొమ్మ గీయింపుడు. బొమ్మ బాగుండనక్కరలేదు, గీయువాడు చూడక తప్పదు గనుక గీయింపవలెను. తిరిగి వచ్చిన తరువాత స్థాపించిన సంవత్సరమును అడుగక, వారికి కలిగిన ప్రశ్న యేమని అడుగుడు. పెద్దలమైన మనము అదే నియమమును పాటింతము. మన రెండు తెలుగు ప్రభుత్వములును, చెన్నపట్టణపు అధికారులతో సఖ్యముగా సంప్రదించి, అమరావతి మందిరమున ప్రతి పలక ప్రక్కను సరళమైన తెలుగున నాలుగు వాక్యములు ఉంచుటకు వలసిన వ్రాతను, వ్యయమును తామే యిత్తుమని ముందుకు వచ్చినచో అది గౌరవప్రదమైన పని యగును.

లండనుకు పోయిన పలకలు తిరిగి రావలెననువారి వేదన న్యాయమైనది; నేనును ఆ కోరిక గలవాడనే. కాని ఆ కోరికకు బలము సభలలో చేయు తీర్మానముల వలన మాత్రమే కలుగదు. గుంటూరు నుండి ఒక్క రాత్రి ప్రయాణములో చేరగల చోట, మన తాతల ఉలిదెబ్బలు వందలకొలది పలకల మీద మనకై నిలిచియుండగా, వాని ముందు అరగంట నిలువని జాతి, సముద్రముల కావలి వానిని ఏ ముఖముతో అడుగగలదు? ముందు ఉన్నవానిని చూతము. చూచినవాని గొంతున పుట్టిన అడుగుట వేరుగా నుండును.

మనకు ముక్కనుమ యైన నాడు తమిళులకు ‘కాణుం పొంగల్’. ‘కాణుం’ అనగా చూచుట. ఆ పండుగనాడు పల్లెలనుండి, పేటలనుండి కుటుంబములకు కుటుంబములు ఈ మ్యూజియమునకు తరలివచ్చుట చిరకాలపు ఆచారము. చూచుటయే పండుగగా గల దినమొకటి పంచాంగమున నుండుట ఎంతటి సంస్కారము! మన ఇండ్లలోను ఆ దినమును అట్లు జరుపుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. మన జిల్లాలలోని చిన్న మ్యూజియములు ఆ నాడు పిల్లలతో నిండిపోవుటను చూడవలెనని నా కోరిక.

తిరుగు ప్రయాణమున రైలులో మనుమడు నోటుపుస్తకము తెరచి, కంచము బోర్లించి గీసినంత గుండ్రని గీత గీసి, దానిలో ఎడమప్రక్క ఏనుగును, కుడిప్రక్క మోకాళ్లు వంచిన ఏనుగును వేసెను. నడుమ కొంత చోటు మిగిలినది. చాలసేపు పెన్సిలు కొన నోట పెట్టుకొని యోచించి, ఆ చోట తిమింగలమును వేసి, దాని రెక్కకు ఒకటొకటిగా వ్రేళ్లు దిద్దెను. అదేమని నేనడుగలేదు. నెల్లూరు దాటువరకు వాడు ఆ వ్రేళ్లనే దిద్దుచుండెను.